దొరగారి సినిమాలో మా నాన్న

రాజమండ్రి గట్టు మీద నడుస్తుంటే ఎవరో పాత పడవను బోర్లించి తారు పూస్తున్నారు. ఆ వాసన తగలగానే పోలవరానికి పైన, కొండల మధ్య మా ఊరి రేవు, ఎండాకాలం రాగానే అక్కడ మూడు రాళ్ల మీద నాన్న కాచే తారు డబ్బా, చేతులకంటిన నలుపును కిరసనాయిలుతో రుద్దుకుంటూ అమ్మ తిట్లకు ఆయన నవ్విన నవ్వు అన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి.

నాన్న తెరచాప పడవ నడిపేవారు. లాంచీలొచ్చాక అలాంటి పడవలన్నీ మూలబడ్డాయి, మా చుట్టుపక్కల నాన్నదొక్కటే మిగిలింది. నేను నాలుగో తరగతిలో ఉండగా ఆ పడవ కోసమే సినిమావాళ్లు మా ఊరు వచ్చారు. తెల్లదొరల కాలంలో ఒక దొర గోదావరి వెంబడి పైకి, తనవాళ్లెవరూ చూడని అడవుల్లోకి దారి వెతుక్కుంటూ వెళ్లడం కథ. అతని పడవ నడిపే మనిషిగా నాన్ననే పెట్టుకున్నారు. చెప్పడానికి ఒక మాట కూడా ఇచ్చారు: "అటు పోకండి దొరగారూ, అక్కడ సుడి ఉందండి."

ఆ వేసవంతా మా ఇంట్లో ఆ మాటే. నాన్న పడవ తోసే గెడ భుజాన వేసుకుని పెరట్లో నిలబడి ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా చెప్పి చూసుకునేవారు. మేం పిల్లలం ముంజలు జుర్రుకున్న తాటికాయలను ఇసుకలో పడవల్లా లాక్కుంటూ, తాటాకు టోపీ దక్కినవాణ్ణి దొరను చేసి, వాడి మీద అదే మాట అరుస్తూ, మామిడికాయ ఉప్పూకారం అద్దుకున్న వేళ్లు నాకుతూ పొద్దు పుచ్చేవాళ్లం. నాయనమ్మ మాత్రం, "రోజూ పడవలో చెప్పే మాటేగా, దానికింత సాధనెందుకురా?" అనేది.

మరుసటి ఏడు సినిమా రాజమండ్రి వచ్చింది. పాతికమందిమి పులిహోర మూట కట్టుకుని లాంచీ ఎక్కి, ఆపైన బస్సెక్కి వెళ్లాం. హాలు సగం కూడా నిండలేదు. సినిమా గొప్పగా తీశారు, ఆ మాట ఇప్పటికీ అంటాను. కొండల మీంచి నీళ్లలోకి దిగే మంచు, దొర బూట్ల మీద ఎండి పగిలిన బురద, అన్నీ ముట్టుకుంటే చేతికి తగిలేటట్టే ఉన్నాయి. కానీ ఆ దొర ఎందుకంత దూరం వెళ్తున్నాడో, ఎవరి కోసం బెంగపడుతున్నాడో మాకెవరికీ పట్టలేదు. అరగంటకి దగ్గులు మొదలయ్యాయి. నాయనమ్మ నిద్రపోయింది. వెనక వరసలో ఒకాయన, "అన్నీ కొండలూ నీళ్లే కదండీ, మనుషులేరీ?" అని పక్కాయనతో అంటూ లేచి వెళ్లిపోయాడు.

అప్పుడు నాన్న వచ్చారు. వీపు కనిపించింది, గెడ పట్టిన చేతులు కనిపించాయి. మొహం దొర టోపీ చాటున ఉండిపోయింది. మాట వినిపించింది గానీ ఆ గొంతు నాన్నది కాదు, ఎవరో పట్నం మనిషి చేత చెప్పించారు.

అమ్మ చీకట్లో నాన్న వైపు వంగి, "మాట మీది కాదుగా అండీ," అంది.

"చేతులు నావే," అన్నారు నాన్న, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

వారం తిరక్కుండానే సినిమా ఎత్తేశారు. నాన్న ఎవరినీ తప్పుపట్టలేదు. కానీ ఆ తర్వాత పడవలో ఎవరెక్కినా, సుడి దగ్గరికొచ్చేసరికి నోటితో చెప్పడం మానేసి చెయ్యి మాత్రం చూపించేవారు.

నాన్న పోయి తొమ్మిదేళ్లయింది. ప్రాజెక్టు కోసం ఊరు ఖాళీ చేసి మావాళ్లు కాలనీలోకి వెళ్లారు, రేవూ ఇసుకా ఇళ్లూ నీళ్ల కిందికి పోయాయి. సుడి ఉన్నచోట ఇప్పుడు నీరు కదలదు. మొన్న మా అమ్మాయి ఆ సినిమాను ఎక్కడో వెతికి ఫోన్‌లో పెట్టింది. మా ఊరు ఒకప్పుడుండేదని చూపించడానికి అదొక్కటే మిగిలింది. అందులో ఊరంటే దూరం నుంచి కనబడే తాటాకు కప్పులు, వాటి మీద లేచే నాలుగు పొగలు. అవి కనబడినంతసేపూ ఊపిరి బిగబట్టి చూశాను. తర్వాత దొర మళ్లీ నడవడం మొదలుపెట్టాడు. మా అమ్మాయి ఎప్పుడు లేచి వెళ్లిందో గమనించలేదు. నేనూ చివరిదాకా చూడలేకపోయాను.