బండి నిలిచే చోటు

మా అంబులెన్స్ ఆసుపత్రి ఆవరణలోనే ఉండాలని నిబంధన. అది నిలిచేది మాత్రం అరకు లోయకి పైన, ఘాట్ రోడ్డు మలుపులో, కాఫీ తోట కంచె పక్కన. ఆసుపత్రి దగ్గర ఫోన్ సిగ్నల్ అందదు, మలుపులో అందుతుంది. కొండ మీది ఊళ్ల నుంచి రోగిని డోలీలో మోసుకొచ్చేవాళ్లు ఫోన్ చేస్తే అది మోగాలి కదా.

ఆ మలుపు వల్ల ఇంకో మేలు కూడా ఉండేది. పగటి డ్యూటీ టెక్నీషియన్ అక్క ఇల్లు సరిగ్గా దాని కిందే. నాది రాత్రి డ్యూటీ. ఇద్దరికీ పన్నెండేసి గంటలు. పొద్దున్నే ఆక్సిజన్, సక్షన్, కాన్పు కిట్, గ్లూకోమీటర్ వరసగా చూపించి బండి ఆమెకి అప్పగించేవాణ్ని. మధ్యాహ్నం అక్క అత్తగారు పసిపిల్లని ఎత్తుకుని మలుపు దాకా వచ్చేది. అక్క బండిలోనే కూర్చుని పాలిచ్చేది. ఫోన్ మోగితే పిల్ల అవ్వ చేతుల్లోకి, బండి రోడ్డు మీదికి.

పిల్లకి నాలుగో నెల నిండకముందే అక్క డ్యూటీకి వచ్చేసింది. మావి కాంట్రాక్టు ఉద్యోగాలు. కంపెనీ మారుతోందని, మారే రోజుకి డ్యూటీలో ఉన్నవాళ్లనే కొత్త కంపెనీ తీసుకుంటుందని అందరూ అన్నారు. మలుపు కింద వాళ్ల ఊళ్లో ఈ చదువు చదివిన మొదటి మనిషి ఆమె. కొండ మీది కువి భాష మాట్లాడే ముసలివాళ్లు ఆమె అడిగితే నొప్పి ఎక్కడో చెప్పేవారు. నేను అడిగితే బండి పైకప్పు కేసి చూసేవారు.

కొత్త కంపెనీ సూపర్‌వైజర్ ఒకరోజు పొద్దున్న, మేం బండి మార్చుకునే వేళకి బైకు మీద వచ్చాడు. ఇంచుమించు నా వయసు వాడే.

"బండి ఇక్కడెందుకు పెడుతున్నారు?"

"సిగ్నల్ కోసం సార్" అన్నాను.

"ఆసుపత్రిలో బూస్టర్ పెట్టించాం కదా. రేపట్నించి అక్కడే ఉండాలి. బండి ఎక్కడుందో ఆఫీసులో స్క్రీన్ మీద కనబడుతుంది."

మేం చెప్పుకోగలిగిన కారణం అదొక్కటే. అది కాస్తా పోయింది. అసలు కారణం నా నోట రాలేదు. పగలు బండి నడిపే పైలట్ మావ అడిగేశాడు.

"మరి గుంట పాలకి ఏటి సేత్తాదండీ ఈవిడ?"

అక్క తల తిప్పుకుంది. సూపర్‌వైజర్ హెల్మెట్ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. "నాదీ కాంట్రాక్టే మేడమ్. మార్చడం నా చేతుల్లో లేదు" అని మెల్లగా చెప్పి వెళ్లిపోయాడు.

"నెలాఖరుకి మానేత్తాను తమ్ముడూ" అంది అక్క.

నేను దారులన్నీ వరసపెట్టి చెప్పాను. డ్యూటీలు మార్చుకోవడం: రాత్రిళ్లు పిల్ల ఇంకా ఎక్కువ ఏడుస్తుంది. సెలవు: రిలీవర్ ఒక్కడే, వాడు రెండు బళ్లకి తిరుగుతున్నాడు. ఇక పిల్లనే ఆసుపత్రికి తేవడం: మధ్యాహ్నం సర్వీసు జీపు అటే వస్తుంది. మర్నాడు జీపులో అవ్వ పిల్లతో వచ్చింది.

జీపు వచ్చేసరికి బండి లేదు. మిరియాలు కోస్తూ సిల్వర్ ఓక్ చెట్టు మీంచి ఒకాయన పడ్డాడని ఫోన్ వస్తే వెళ్లింది. ఆసుపత్రి వెనక గదిలో నిద్రపోతున్న నన్ను నర్సు లేపింది. వరండాలో అవ్వ, ఒళ్లో ఏడుస్తున్న పిల్ల, పక్కన మూతపెట్టిన స్టీలు గ్లాసులో అక్క పొద్దున్న పిండి ఇచ్చిన పాలు.

"ఈ పాలు ఆ తెల్ల పెట్టిలో ఎట్టు నాయనా, ఇరిగిపోతాయి" అంది అవ్వ, టీకాల ఫ్రిజ్ చూపిస్తూ.

"అందులో టీకా మందులే పెట్టాలి అవ్వా."

"ఈ గుంటకేసే టీకాలే గదా. ఈ గుంట పాలెడితే ఏటైపోద్ది?"

 గ్లాసుని చన్నీళ్ల గిన్నెలో దించాను. పిల్ల ఏడుపు ఆపకపోయేసరికి నర్సు ఉగ్గుగిన్నె వేడినీళ్లలో కడిగి నా చేతికిచ్చింది. శిక్షణలో రబ్బరు బొమ్మకి ఇలా పట్టి మంచి మార్కులు తెచ్చుకున్నాను. రబ్బరు బొమ్మ ఉమ్మదు. ఈ పిల్ల నా చొక్కా నిండా ఉమ్మింది.

"ఇంత సదివినావు, గుంటని పట్టుకోడం రాదేటి? మెడ కింద సెయ్యెట్టు. బేగి పొయ్యకు" అంది అవ్వ.

చెయ్యి సరిచేసుకున్నాను. నాలుగు గుటకలు లోపలికి వెళ్లాయి. పిల్ల నా వేలు పట్టుకుని, ఎక్కిళ్ల మధ్య నన్నే చూసింది. అంత చిన్న గోళ్లు అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. కాసేపటికి మళ్లీ ఏడుపు అందుకుంది.

అప్పుడే బండి వచ్చింది. వెనక తలుపు తీయగానే ఏడుపు అక్క చెవిన పడింది. యూనిఫాం ముందు భాగం తడవడం ఆమెకీ తెలిసింది, మాకూ కనబడింది. స్ట్రెచర్ మీదున్న పెద్దాయన ఆమె చెయ్యి వదలడం లేదు. నా చెయ్యి ఇవ్వబోతే తోసేశాడు. అక్క అతని మీదికి వంగి కువిలో ఏదో చెబుతూ, పిల్ల వైపు చూడకుండా, డాక్టరు దాకా నడిచింది. డాక్టరు అడిగిన ప్రతిదీ అతనికి చెప్పింది, అతను చెప్పిన ప్రతిదీ డాక్టరుకి చెప్పింది. కాలికి కట్టు పడేదాకా అతని పక్కనే ఉంది.

తర్వాత పరుగున వెళ్లి మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంది. ఈలోగా నేను స్ట్రెచర్ తుడిచాను. అక్క పిల్లని తీసుకుని బండి ఎక్కి తలుపు వేసుకుంది. ఏడుపు టక్కున ఆగింది. పైలట్ మావ బండికి వీపు పెట్టి నిలబడి, అటు వచ్చినవాళ్లని "ఏటి సూత్తారు, పొండెహె" అని తరిమాడు.

చాలాసేపటికి అక్క దిగింది. పిల్ల భుజం మీద నిద్రపోతోంది. కిందికి పోయే జీపు బయల్దేరుతోంది. నెలాఖరు సంగతి నేను అడగలేదు. అక్క పిల్లని అవ్వకి అందించి, కిటికీలోంచి జీపు డ్రైవరుతో అంది.

"రేపు కాస్త బేగి రా బావా. అత్తని ముందు సీట్లో కూకోబెట్టు."