షైలజ వద్దన్న ప్యాచ్

మదనపల్లెలో మిషన్ ఆసుపత్రి వెనక సందులో ఉండేవాళ్ళకు షైలజ కోపం బాగా తెలుసు. చిన్నప్పుడు సండే స్కూల్లో పాస్టరుగారబ్బాయి వాక్యం తప్పు చదివితే, ఎవరూ అడక్కుండానే లేచి నిలబడి సరిదిద్దిన పిల్ల. తెలిసీ తప్పు చేసేవాళ్ళను చూస్తే ఇప్పటికీ ఆమె చెవులు ఎర్రబడతాయి. అయితే ఆమె చేసే పనేమిటో మాత్రం ఆ సందులో ఎవరికీ తెలియదు. ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో పనిచేసి రిటైరయిన తండ్రి ప్రకాష్ బాబు, అడిగినవాళ్ళకు "మా పాప కంప్యూటర్లకు కరెంటు పని చేస్తాది" అని చెప్పి ఊరుకునేవాడు. ఆ మాట మరీ తప్పేమీ కాదు.

ఎంత చిన్న యంత్రమైనా లోపలి బోర్డు మీద ఒక భాగానికి ఎక్కువ వోల్టేజీ కావాలి, ఇంకొక భాగానికి తక్కువ కావాలి. దేనికెంతో అంతే పంచే చిప్పు ఒకటుంటుంది. దాన్ని వోల్టేజ్ రెగ్యులేటర్ అంటారు. ఇక్కడ ఇంత ఇవ్వు, అక్కడ ఆపు అని ఆ చిప్పుకు చెప్పే ప్రోగ్రాం, ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయలాంటి కెర్నల్‌లో ఉంటుంది. దాని పేరు డ్రైవర్. బెంగళూరులో ఉద్యోగం చేసే రోజుల్లో షైలజ అలాంటి డ్రైవర్ ఒకటి రాసింది. ఆ కెర్నల్ ఎవరి సొత్తూ కాదు. ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు, ఎవరైనా మార్పు రాసి పంపవచ్చు. అలా పంపే మార్పును ప్యాచ్ అంటారు. వచ్చిన ప్యాచ్‌ను చదివి, సరిగా ఉంటే తీసుకుని, లేకపోతే తిప్పి పంపే మనిషి మెయింటెయినర్. ఆ డ్రైవర్‌కు మెయింటెయినర్ షైలజే. బెంగళూరు వదిలి ఇంటికొచ్చి, వేరే కంపెనీకి ఇంటినుంచే పనిచేస్తున్నా ఈ బాధ్యత మాత్రం వదల్లేదు. దీనికి జీతం లేదు. తను రాసినదాన్ని తనే చూసుకోవాలి కదా అనుకునేది, అంతే.

ఆ వేసవి మొదట్లో చైతన్య అనే అతను ఒక ప్యాచ్ పంపాడు. చిప్పు తయారుచేసేవాళ్ళు కొత్త రకం తెచ్చారు. పాత చిప్పుకూ కొత్త చిప్పుకూ పైకి తేడా తెలియదు కానీ, ఒకే అంకె పంపితే రెండూ వేరువేరు వోల్టేజీలు ఇస్తాయి. తెలియని రకం చిప్పు ఎదురైతే పని మొదలుపెట్టకుండా ఆగిపోవాలని షైలజ తన డ్రైవర్‌లో ఒక తనిఖీ పెట్టింది. చైతన్య ప్యాచ్ చేసిందల్లా ఆ తనిఖీని పీకేయడం.

"కొత్త చిప్పుకు ఏ అంకెకు ఎంత వోల్టేజీ వస్తుందో ఆ పట్టిక కలిపి పంపండి. తనిఖీ తీసేయడం కుదరదు," అని షైలజ జవాబు రాసింది.

పట్టిక తమ దగ్గర లేదనీ, తమ యంత్రాలు బాగానే నడుస్తున్నాయనీ అతను రాశాడు. నడవడం వేరు, సరిగా నడవడం వేరని ఆమె మళ్ళీ రాసింది. ఆ తర్వాత అతని దగ్గర్నుంచి చప్పుడు లేదు. విషయం అక్కడితో ముగిసిందనుకుంది.

వర్షాలు మొదలయ్యాక ఒక ఉదయం ఉషారాణి ఫోన్ చేసింది. మదనపల్లె మిషన్ స్కూల్లో షైలజ పక్క బెంచీలో కూర్చున్న పిల్ల, ఇప్పుడు సదుం కోడలు. పలకరింపు కూడా లేకుండా మొదలుపెట్టింది.

"మా అత్తను దొంగను చేసినావు గదమే! పాలకేంద్రంలో కొత్త మిషన్ పెట్టినారు. మా పాలల్లో నీళ్ళుండాయని చూపిస్తాండాది. సెక్రటరీ ముద్దుకృష్ణ అందరి ముందర మా అత్త పాలు మోరీలో పారబోసినాడు. మిషన్ తప్పేమో చూడప్పా అంటే, కంపెనీవాళ్ళకు ఫోన్ చేసినాడు. వాళ్ళేమన్నారో తెలుసా? లోపల ఉండేది మదనపల్లె షైలజ రాసిన ప్రోగ్రామంట, తప్పుంటే ఆయమ్మనే అడగండన్నారంట. నీ పేరు చెప్పినారు, నీ పేరు!"

షైలజకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్ళంతా మండిపోయింది.

"యా కంపెనీ అది?"

"కుప్పంలో ఉండాదంట."

చైతన్య ఈమెయిలు అడుగున కుప్పం అడ్రసు ఉన్న సంగతి అప్పుడు గుర్తుకొచ్చింది. ల్యాప్‌టాపు, మల్టీమీటరు, ఒక కేబులు సంచిలో వేసుకుని బయల్దేరింది. "అన్నం తినిపో పాపా," అని తల్లి జ్ఞానమ్మ వెనకనుంచి పిలుస్తున్నా ఆగలేదు. టమాటా లారీలు అడ్డంగా నిలిచిపోవడంతో బస్సు ఊరు దాటడానికే ఎంతోసేపు పట్టింది. పుంగనూరులో ఇంకో బస్సెక్కి సదుం చేరేదాకా, చైతన్యను ఏమేమి అడగాలో లోలోపల అడుగుతూనే ఉంది.

ఉషారాణి అత్త అంజమ్మ పాలకేంద్రం మెట్ల దగ్గరే ఉంది. సన్నటి మనిషి. షైలజను పైనుంచి కిందిదాకా చూసింది.

"నువ్వేనామ్మా ఆ మిషన్లో పేరుండే పాపవి?"

"నేనే పెద్దమ్మా. కానీ తప్పు నాదో కాదో చూసే చెప్తా. నాదైతే ఒప్పుకుంటా."

"మాది సీమావు. పాలు పలచన, అది నిజమే. పాత మిషన్లో ఎప్పుడూ పాసయ్యేవి. నీళ్ళు నేనెప్పుడూ కలపలేదు తల్లీ. నా మనవరాలికి పోసే పాలే ఈడికీ తెచ్చేది."

కేంద్రం సెక్రటరీ ముద్దుకృష్ణ మిషన్ విప్పడానికి ఒప్పుకోలేదు. "విప్పితే గ్యారంటీ పోతాది మేడం," అన్నాడు. పాలు పోయడానికొచ్చిన ఆడవాళ్ళు అతని చుట్టూ మూగారు. ఆ వారంలో మిషన్ తిప్పికొట్టింది అంజమ్మ పాలను మాత్రమే కాదు మరి. "విప్పనీప్పా! యాల భయపడతాండావు?" అని తలా ఒక మాటా అనేసరికి అతను పక్కకు జరిగాడు.

షైలజ మూత తీసి, కేబులుతో మిషన్‌ను ల్యాప్‌టాపుకు కలిపి, ఆన్ చేసింది. మిషన్ లేచేటప్పుడు కెర్నల్ చెప్పుకునే మాటలు వరుసగా తెరమీద పడసాగాయి. బోర్డు మీద ఉన్నది కొత్త రకం చిప్పు. తను రాసిన డ్రైవర్ అక్కడ ఆగిపోవాలి. ఆగలేదు. ఏమీ కానట్టు ముందుకు పోయింది. ఆమె వద్దని తిప్పి పంపిన ప్యాచ్‌ను కుప్పం వాళ్ళు తమ కాపీలో కలుపుకుని, ఆ మిషన్లే ఊరూరా పంచారు.

పాలను పరీక్షించే సెన్సరుకు వెళ్ళే తీగ దగ్గర మల్టీమీటరు పెట్టి చూసింది. మూడు పాయింట్ మూడు వోల్టులు రావలసిన చోట మూడు కూడా రావడం లేదు. కరెంటు చాలక సెన్సరు అన్ని పాలనూ ఉన్నదానికంటే పలచగా చూపిస్తోంది. చిక్కటి పాలవాళ్ళు గట్టెక్కుతున్నారు. విదేశీ జాతి సీమావుల పలచటి పాలు మాత్రం పరీక్షలో తప్పుతున్నాయి.

షైలజ ఆ అంకెను రాసుకుని మూత బిగించింది.

మరుసటి రోజు పొద్దున్నే కుప్పం బస్సెక్కింది. కంపెనీ ఊరి బయట ఒక రేకుల షెడ్డు, పక్కన అద్దాల గది. చైతన్య ఆమె అనుకున్నంత పెద్దవాడు కాదు. పేరు వినగానే కుర్చీలోంచి లేచాడు.

"మేడం, మీరు ఇంత దూరం... ఫోన్ చేసుంటే..."

"నేను వద్దన్న ప్యాచ్ మీ మిషన్లలో ఎందుకుంది?"

"ప్రొడక్షన్ ఆగిపోయింది మేడం. పాత చిప్పులు దొరకలేదు. మీరేమో రిజెక్ట్ చేస్తిరి. అయినా ఆ కోడ్ ఎవరైనా మార్చుకోవచ్చు గదా. లైసెన్సులోనే ఉండాది."

"మార్చుకోవచ్చు. ఎవరు కాదన్నారు? మార్చింది మీరైతే తప్పు నాదని చెప్పడానికి మీకు నోరెట్లా వచ్చింది?"

"అది నేను చెప్పలేదు మేడం. సర్వీసువాళ్ళు ఫైలు పైన పేరూ ఊరూ చూసి..."

"ఫైలు పైన పేరు చదవడం తెలిసినవాళ్ళకు, దాని కింద మీరు పీకేసింది కనపడలేదా? నేనేమడిగాను మిమ్మల్ని? పట్టిక ఒక్కటే కదా!"

"చిప్పు కంపెనీవాళ్ళు ఇవ్వలేదు."

"ఇవ్వకపోతే కొలుచుకోవాలి. మీటరు లేదా ఇక్కడ?"

షెడ్డులో పనిచేస్తున్నవాళ్ళు తలలెత్తి చూశారు. ప్రతి బల్లమీదా మీటరు ఉంది.

"టైం లేకపోయింది మేడం," అన్నాడు చైతన్య, చిన్న గొంతుతో.

"మీకు టైం లేదు. సదుంలో ఒక పెద్దావిడ పాలు తీసుకుపోయి మోరీలో పోశారు. ఊరంతా చూసింది. ఆమె కోడలు నాకు ఫోన్ చేసి దొంగను చేసినావు గదా అని నిలదీసింది. నేను సమాధానం చెప్పుకున్నాను, మీరు చేసినదానికి!" కన్నీళ్ళు వచ్చినందుకు షైలజకు తనమీద తనకే ఇంకా కోపం వచ్చింది. "రేపు పుంగనూరు చిల్లింగ్ సెంటర్‌కు మీరే రావాలి. ఏం జరిగిందో మీ నోటితోనే చెప్పాలి. రాకపోతే నేను చెప్తాను, మీ ఈమెయిళ్ళతో సహా."

అతను వచ్చాడు. మేనేజరు వద్దన్నా వచ్చానని తర్వాత చెప్పుకున్నాడు. ఎంతవరకు నిజమో షైలజ అడగలేదు.

చుట్టుపక్కల పల్లెల పాలన్నీ చేరే పుంగనూరు చిల్లింగ్ సెంటర్‌కు గంగులప్ప ఇన్‌ఛార్జి. నిదానం మనిషి. అంజమ్మ తెచ్చిన పాలను ముందు తమ పాత మిషన్లో, తర్వాత కొత్తదాంట్లో పోయించాడు. పాతది పాసన్నది. కొత్తది నీళ్ళన్నది. గంగులప్ప రెండు తెరలనూ చాలాసేపు చూశాడు. చైతన్య ముందుకొచ్చి, తప్పు తమ కంపెనీదేననీ, ప్రోగ్రాంలో ఒక తనిఖీని తామే తీసేశామనీ, వద్దని మేడం ముందే చెప్పారనీ, తల దించుకుని చెప్పాడు.

"కొత్త మిషన్లన్నీ ఈపొద్దే వెనక్కి తీసకపోండి," అన్నాడు గంగులప్ప. "పాతవి పెట్టండి. ఈ సంగతి ప్రతి కేంద్రంలో మైకులో చెప్పిస్తా."

సదుం కేంద్రం తరఫున వచ్చిన ముద్దుకృష్ణ అంజమ్మ వైపు తిరిగి నవ్వే ప్రయత్నం చేశాడు. "చూసినావు గదమ్మా, అంతా మిషన్ తప్పు. నాదేముంది?"

"మిషన్‌కు చేతులుండాయా నాయనా?" అంది అంజమ్మ. "నా క్యాను ఎత్తి మోరీలో పోసింది యా చేతులు? తొమ్మిదేళ్ళ సంది నీకు పాలు పోస్తాండా. ఒక్క మాట, పెద్దమ్మా ఏమైందని అడిగినావా?"

తప్పయిందన్న మాట ముద్దుకృష్ణ నోట రాలేదు. అంజమ్మ క్యాను ఎత్తుకుని బయటికి నడిచింది. ఆ రోజునుంచి పక్క ఊరి కేంద్రానికే పాలు పోసింది, దూరమైనా సరే. సదుంలో మైకు పెట్టి చెప్పారు కానీ, దాన్ని వినడానికి ఆమె వెళ్ళలేదని ఉషారాణి చెప్పింది. "మా అత్తకు నీ మింద కోపం పోయిందంటమే. మా ఇంటికి రమ్మంటాంది," అని కూడా అంది.

పది రోజులకు చైతన్య దగ్గర్నుంచి కొత్త ప్యాచ్ వచ్చింది. ఈసారి తనిఖీ చెక్కుచెదరలేదు. కొత్త చిప్పుకు ఏ అంకెకు ఎంత వోల్టేజీయో కొలిచి, పట్టికంతా కలిపాడు. షైలజ ఒక్కొక్క అంకెనూ చూసింది. తప్పు దొరికితే బాగుండుననిపించింది కూడా. దొరకలేదు. అయితే ప్యాచ్ పైన, ఎందుకు చేశారో రాయవలసిన చోట, 'కొత్త చిప్పుకు సపోర్టు చేర్చాం' అని ఒక్క ముక్క ఉంది.

ఆమె తిప్పి పంపింది. "తనిఖీ లేకుండా ఈ చిప్పును వాడితే ఏమవుతుందో రాయండి. ఏమయిందో కూడా రాయండి."

"మేడం, ఇది ప్రపంచమంతా చదువుతాది. కంపెనీ పేరు పోతాది," అని ఫోన్ చేశాడు.

"కంపెనీ పేరు రాయమన్లేదు. జరిగింది రాయండి. రేపు ఇంకెవరో యాడో కూర్చుని ఈ తనిఖీ అడ్డమని పీకాలనుకుంటారు. వాళ్ళు చదవాల," అని పెట్టేసింది.

ఆ వారమంతా అతను పంపలేదు. ఆమె మెత్తబడలేదు. సోమవారం పొద్దున మూడోసారి వచ్చిన ప్యాచ్‌లో రాసి ఉంది: తనిఖీ తీసేసిన ఒక కాపీ వల్ల సెన్సరుకు తక్కువ వోల్టేజీ వెళ్ళి, పాల రీడింగులు తప్పాయనీ, మంచి పాలను కల్తీ పాలని తిప్పికొట్టారనీ. షైలజ రెండుసార్లు చదివి, ఒక అక్షరదోషం దిద్ది, డ్రైవర్‌లో కలిపింది.

"అయిందా పాపా?" అన్నాడు ప్రకాష్ బాబు కాఫీ గ్లాసు అందిస్తూ.

"అయింది నాయనా."

"మరి యాల ఇంకా మొగం అట్లుండాది?"

"కోపం పోలేదు," అంది షైలజ. కాఫీ తాగి, వరుసలో ఉన్న ఇంకో ప్యాచ్ తెరిచింది.