టేపు రెండో కొస

కొలిచే టేపుకు రెండు కొసలుంటాయి. ఒకటి నేను పట్టుకుంటాను. రెండోది పట్టుకోవడానికి ఆఫీసు ఒక మనిషిని ఇవ్వాలి. ఆ మనిషి రిటైరయ్యాక పోస్టు నింపలేదు, నిధుల్లేవన్నారు. అందుకని ఏ ఇంటి మీద ఫిర్యాదు వస్తే ఆ ఇంటివాళ్లనే పిలిచి, "కాస్త ఇది పట్టుకోండి" అంటాను. తమ ఇల్లు హద్దు ఎంత దాటిందో తామే పట్టి చూపించాలన్నమాట. విన్నవాళ్లకు నవ్వొస్తుంది. నాకు ఇన్నేళ్లలో ఒక్కసారీ రాలేదు.

నా పని తిరుత్తణిలో. ఆఫీసు పేరు చెప్పను, చెబితే నా మీదే ఇంకో ఫైలు మొదలవుతుంది. వీధిలోకి జరిపిన మెట్లు, మురుగుకాలువ మీద కట్టిన బాత్రూమ్, అనుమతి లేకుండా లేచిన మేడగది, ఇలాంటివాటి మీద ఎవరో ఒకరు ఫిర్యాదు పెడతారు. వెళ్లి కొలవాలి, నోటీసివ్వాలి, సరిచేయించాలి. ఊరంతటికీ నేనొక్కదాన్నే. జీపుంది, డీజిల్ లేదు. డీజిల్‌కు నిధులు రావాలంటే మేం బాగా పనిచేస్తున్నట్టు పైవాళ్లకు కనబడాలి. బాగా పనిచేయడమంటే ఏమిటో కూడా వాళ్లే తేల్చిపెట్టారు. ఎన్ని ఫిర్యాదులు ముగించారు, ముగించినవాటిలో ఎన్ని మళ్లీ తెరుచుకున్నాయి, అంతే. పడబోయే గోడను పడకముందే ఆపామా అని ఎవరూ అడగరు. ముగిసిన ఫైలు ఒక్కటి మళ్లీ తెరుచుకుందంటే చాలు, మా అధికారి ఆ నెలంతా ముఖం మాడ్చుకుని తిరుగుతాడు.

నేనుండేది మణవాళనగర్‌లో. పొద్దున తిరువళ్లూరు స్టేషన్‌లో రైలెక్కి వస్తాను, సాయంత్రం రైల్లో తిరిగిపోతాను. పెళ్లి కాలేదు. కాలేదని బాధపడే వయసు దాటిపోయింది, అలవాటు పడే వయసు మాత్రం ఇంకా రాలేదు. ఆఫీసులో తమిళం, రైల్లో తమిళం, మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద ఎవరైనా ఎదురైతే "సాప్టాచ్చా", అంటే భోంచేశారా అనేదాకా తమిళం. ఇంట్లో తెలుగు మాట్లాడదామంటే మనిషే లేడు. కొన్ని ఆదివారాలు పొద్దు వాలేవేళకు, ఇవాళ నోరే విప్పలేదని గుర్తొచ్చి కుక్కర్‌ను తిట్టేదాన్ని. అదైనా బదులుగా ఒక కూత వేసేది.

ఫిర్యాదున్న ఇళ్లలో నాకు జరిగే మర్యాద చెప్పక్కర్లేదు. వీధి మొదట్లో నేను కనబడగానే కబుర్లు ఆగిపోతాయి. మంచినీళ్లు ఇవ్వరు, ఇచ్చినా నేను తాగను. ఒక ఇంట్లో తాగితే ఎదురింటివాడు ఏమంటాడో నాకు తెలుసు.

అలాంటిదాన్ని నేతగాళ్ల వీధిలో ఒక ఇంట్లో తాగాను. ఎండాకాలం. ఎక్కడో కాలువ కొలిచి వస్తూ కళ్లు తిరిగి వాళ్ల మెట్టు మీద కూలబడ్డాను. మగ్గం దగ్గర్నుంచి ఆ ఇంటావిడ పరిగెత్తుకొచ్చింది.

"ఏందక్కా, ఇట్ట కూలబడినావు? లోపలికి రా, ఎండదెబ్బ తగిలిండాది."

నీళ్లు, ఆపైన మజ్జిగ, ఆపైన కాఫీ. తేరుకున్నాక నేనెవరో చెప్పాను, తర్వాత తెలిస్తే బాగుండదని.

"అయితే అయినావులే. టేపు పట్టినోళ్లకు దప్పిక కాదా?" అంది. మొదటిరోజే నన్ను నువ్వు అంది. నాకంటే పదేళ్లు చిన్నది.

ఆమె, భర్త, అత్త, ముగ్గురే. ఇల్లంటే ఒకటే గది. నేలలో కాళ్లు దించుకోవడానికి గుంత తవ్వి పెట్టుకునే మగ్గం వాళ్లది. వెనకటికి ఆ గుంత గదిలోనే ఉండేదట. ఒకనాడు అత్త నిద్రమత్తులో లేచి అందులో పడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆ తర్వాతే గుమ్మం ముందు రేకుల షెడ్డు వేసి మగ్గాన్ని బయటికి మార్చారు. ముందు ఎంత మేర వేసుకోవచ్చో అనుమతి కాగితం కూడా ఉంది.

మధ్యాహ్నం నా అన్నం డబ్బా అక్కడే తినడం మొదలుపెట్టాను. మగ్గం పక్కన నాకోసం ఒక స్టూలు వేసి ఉంచేవాళ్లు. ఆమె చేతులు నేస్తూనే ఉండేవి, నోరు మాట్లాడుతూనే ఉండేది. ఒకరోజు వెళ్లకపోతే మర్నాడు, "నిన్న యాడికి పొయ్యినావక్కా?" అని నిలదీసేది. నేను ఎక్కడికి పోయానో కావలసిన మనిషి ఈ భూమ్మీద ఆమె ఒక్కతే. ఆ మాట వినడానికి ఒకట్రెండుసార్లు కావాలనే మానేశాను.

తర్వాత ఎదురింటాయన కారు కొన్నాడు. కారు వీధిలో తిరగడం లేదు. తప్పు కారుది కాదు, షెడ్డుదని ఫిర్యాదు పెట్టాడు. ఆ కాగితం వచ్చి నా బల్ల మీదే పడింది. నేను కాకపోతే ఇంకెవరు?

వెళ్లాను. స్టూలు మీద కూర్చోలేదు. టేపు కొస ఆమెకిచ్చి గుమ్మం గోడకు ఆనించి పట్టుకోమన్నాను. రెండో చివర పట్టుకుని షెడ్డు అంచుదాకా నడిచాను. ఎదురింటాయన నా భుజం మీంచి తొంగిచూస్తున్నాడు. టేపు బిగించి చదివాను. షెడ్డు అనుమతి కంటే కాస్త ఎక్కువే వచ్చింది. ఆయన వెంటనే ఫోన్ తీసి ఆ అంకె ఫోటో తీసుకున్నాడు. హద్దు దాటితే షెడ్డు తీసేయాలి, మగ్గం మళ్లీ గదిలోకి పోవాలి.

టేపు చుట్టడానికి గుమ్మం దగ్గరికి వెళ్లి చూస్తే, ఆమె పిడికిలి కింద జానెడు టేపు వేలాడుతోంది.

"ఇదేందమ్మా?"

"ముడికక్కా. ముడికి వదలొద్దా?"

పాత పడుగు నూలు చివరలకు కొత్త పడుగు అతికేటప్పుడు ముడి వేయడానికి జానెడు వదిలి పట్టుకుంటారు వాళ్లు. చేతికి పొడవాటిది ఏదిచ్చినా ఆ చెయ్యి అట్లాగే పట్టుకుంటుంది. తన షెడ్డును తానే జానెడు పెంచి చూపించింది పిచ్చిది. కొసను గోడకు ఆనించి పెట్టించి మళ్లీ కొలిచాను. హద్దు లోపలే ఉంది.

ఎదురింటాయన ఊరుకుంటాడా? "బాగుండాది! ఈయింట్లో కాఫీ తాగే అమ్మ అళవెడితే చిన్నదిగానే వస్తాది," అన్నాడు వీధంతా వినేట్టు. అళవంటే కొలత. కాఫీ తాగిన మాట నిజమే.

మా అధికారి చెడ్డవాడు కాదు. స్వయంగా వచ్చి కొలిచాడు. హద్దు లోపలే అని రాసి ఫైలు ముగించాడు. ఆ సాయంత్రం నన్ను కూర్చోబెట్టి విషయం చెప్పాడు. మీరు ఆ గడప తొక్కితే ఫోటో తీసి కలెక్టర్ ఆఫీసుకు పోతానని ఎదురింటాయన చెప్పిపోయాడు. పోతే ఫైలు మళ్లీ తెరుచుకుంటుంది. అప్పుడు పైవాళ్లు కొలతలేవీ చూడరు, షెడ్డు తీయించేసి మచ్చ తుడుచుకోమంటారు. ఇదీ ఆయన మాట. నన్ను తప్పించి ఆ వీధిని ఇంకొకరికి ఇవ్వమన్నాను. "ఇంకొకరు ఎవరున్నారమ్మా?" అన్నాడు. అదీ నిజమే.

వెళ్లడం మానేశాను. మధ్యాహ్నం డబ్బా ఆఫీసు బల్ల మీదే తిన్నాను. ఆమె ఫోన్ చేస్తే ఎత్తేదాన్ని కాదు, ఏం చెప్పాలో తెలియక.

ఒక సాయంత్రం తిరుత్తణి స్టేషన్‌లో రైలు కోసం నిలబడి ఉంటే ఆమె వచ్చింది. నేత మీంచి లేచి వచ్చినట్టుంది, జుట్టు నిండా నూలు పీచు.

"అళవు సరిపొయ్యింది గదక్కా? ఇంకేంది, రాకుండా ఉండావు?"

దాచిపెట్టలేక జరిగిందంతా చెప్పాను. నేను వస్తే షెడ్డు పోతుందని చెప్పాను. ఆమె జుట్టులోంచి ఒక పీచు లాగి పట్టాల మీద పారేసింది.

"సరి, అయితే షెడ్డు పీకేస్తాం."

పీకడమేమిటని ఆమె ముఖంలోకి చూశాను.

"మాయాయనతో మాట్లాడేసినా. ఆపీసులో ఎవరో చెప్పినారు ఆయనకు, ఇట్ట ఇట్ట అని. నీ నోటితో విందామనే అడిగినా. మగ్గం లోపలేసుకుంటాం. ఇన్నేండ్లు ఉండలేదా? అత్తను గోడవారకు పండబెడతాం. షెడ్డే లేకుంటే వాడు ఫోటో ఎత్తి ఏం జేస్తాడు? నువ్వు ఎప్పట్లాగా రా."

నోటిదాకా సరే వచ్చింది. నిజం చెబుతున్నాను, వచ్చింది. ఇది కావాలా ఈమె కావాలా అన్నప్పుడు ఈమే కావాలని నా గురించి అన్నవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు. నా తోడబుట్టినవాళ్లు కూడా అనలేదు. ఏడుపు ఆపుకోవడం కష్టమైంది. రైలు దూరంగా కూత వేసింది. చీకట్లో గోడ పట్టుకుని లేస్తున్న ఆ ముసలామె, ఆమె పాదాల ముందు ఆ గుంత నా కళ్లకు కట్టాయి.

"పీకొద్దు," అన్నాను. "పీకినా నేను రాను."

"ఎందుకక్కా?"

"రానంటే రాను. నాకు వేరే పనుల్లేవా? ఊరికే ఫోన్లు చేయొద్దు."

నోటీసు చదివేటప్పటి గొంతు అది. ఆమె ముందు ఆ గొంతు ఎన్నడూ ఎత్తలేదు. ఆమె ముఖం చిన్నబోయింది.

"నా మీద అంత కోపమేందక్కా?" అంది.

రైలు వచ్చి ఆగింది. ఎక్కేశాను. కోపం లేదని ఆ రోజు చెప్పలేదు, ఇప్పటికీ చెప్పలేదు. చెబితే మర్నాడే షెడ్డు విప్పేస్తుంది.