చిన్నాయన రికార్డు ప్లేయరుకు కొత్త కడ్డీ

పోయిన వారం మా చెల్లెలిని విమానం ఎక్కించి తిరిగి వస్తుంటే, శంషాబాద్ సర్వీసు రోడ్డు మీద ఒక బరాత్ మా క్యాబును ఆపేసింది. ముందు డీజే బండి, వెనక గుర్రం మీద పెండ్లికొడుకు, మధ్యలో చుట్టాలంతా ఎగురుతున్నారు. ఆ చప్పుడుకు కారు అద్దాలు దడదడలాడుతున్నాయి. "ఇగ ఇప్పట్ల కదలదు మేడం" అని డ్రైవరు ఇంజను ఆపి సీటు వెనక్కి వాల్చుకున్నాడు. నాకు మాత్రం విసుగు రాలేదు. బండి మీద పాటలు వేస్తున్న మనిషినే చూస్తూ కూర్చున్నాను. అతను ల్యాప్‌టాప్ మీద ఒక వేలితో తడుతున్నాడు, పాట మారిపోతోంది. దించేది లేదు, ఎత్తేది లేదు, దుమ్ము తుడిచేది లేదు. మా చిన్నాయన దీన్ని చూస్తే పాటలు వేయడం అని ఒప్పుకోడు. అలా ఆయన తలపులోకి రాగానే, రెండు మూడేళ్ల కిందటి వానాకాలంలో ఆయన రికార్డు ప్లేయరు కోసం మేమిద్దరం ఒక కడ్డీ వెతుక్కుంటూ తిరిగిన రోజులు గుర్తుకొచ్చాయి.

చిన్నాయన అంటే మా నాన్నకు తమ్ముడు. విమానాశ్రయం రాకముందు ఆ చుట్టుపక్కల ఊళ్లలో పెండ్లి అంటే ఆయన మైకు సెట్టు ఉండాల్సిందే. వేపచెట్టుకు ఒక హారను, మిద్దె మీద ఇంకో హారను కట్టి, తెల్లవారగానే ముందు సన్నాయి రికార్డు వేసేవాడు. అది మోగితేనే పెండ్లింట్లో పొయ్యి వెలిగించేవారని ఆయన చెబుతాడు. అలా ఎవరూ ఆగడం నేనైతే చూడలేదు, చాయ్ ఎప్పుడో అయిపోయేది. ఆ ప్లేయరు మీద ఆయన తప్ప ఇంకొకరు చెయ్యి వేయడానికి లేదు. తన పెండ్లికి ఇంకొకరి సెట్టు పెట్టించడం పరువు తక్కువని సొంత సెట్టే పెట్టుకున్నాడు. సరిగ్గా జీలకర్ర బెల్లం వేళకు రికార్డు ఒకచోట చిక్కుకుని అదే ముక్క అరుస్తుంటే, నుదుట బాసికంతో పీటల మీది నుంచి లేచి పోయి, సూది సరిచేసి, ఏమీ జరగనట్టు వచ్చి కూర్చున్నాడు. "నన్ను పీటల మీద ఇడిసిపెట్టి పోయిండు" అని మా చిన్నమ్మ ఇప్పటికీ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెబుతుంది. చెప్పేటప్పుడు కోపంగానే మొదలుపెడుతుంది గాని, చివరికొచ్చేసరికి నవ్వు ఆపుకోలేదు.

తర్వాత పొలాలు ప్లాట్లయ్యాయి, పెండ్లిళ్లు ఫంక్షన్ హాళ్లకు పోయాయి, హారన్లు అమ్ముడుపోయాయి. చిన్నాయన ఇంటి ముందు గదులు క్యాబు డ్రైవర్లకు కిరాయికి ఇచ్చారు. వాళ్లు రాత్రంతా బండి నడిపి పగలు పడుకుంటారు కాబట్టి, సాయంత్రం వాళ్లు లేచాకే ఆయన పాటలు. సెట్టులో మిగిలింది ప్లేయరు ఒక్కటే. టేకు చెక్క మీద మోటారు, బరువైన పళ్లెం, పక్కన ఇత్తడిలా మెరిసే కడ్డీ. దానికి టోన్ ఆర్మ్ అనే పేరుందని నాకు అప్పటికి తెలియదు. కొసన సూదిని పట్టుకుని రికార్డు మీద తిరిగే ఆ పొడుగాటి దాన్ని మా ఇంట్లో కడ్డీ అనే అంటాం. ఒకరోజు చిన్నాయన ఫోన్ చేసి, పిల్లి దుంకి కడ్డీ విరిగిందనీ, అసుంటిదే దొరికితే సరి, లేకుంటే రికార్డులతో సహా పాత సామాన్లవాడికి వేసేస్తాననీ చెప్పాడు. ఆ మాట ఆయన ఎంత మామూలుగా అన్నాడంటే నాకు భయం వేసింది.

కాసేపటికి చిన్నమ్మ పెరట్లోకి పోయి మళ్లీ ఫోన్ చేసింది. "పిల్లి లేదు, ఏం లేదు బిడ్డా. చెయ్యి అదురుతుంది. సూది పెట్టవోతే గీసుకపోతుంది. కోపమొచ్చి గుంజిండు, ఇరిగింది. దవాఖానకు పా అంటే ఇనడు. పాట లేక మనిషి మాట్లాడుడే బంద్ పెట్టిండు. ప్లేయరు గూడ పోతే గట్లనే గోడ దిక్కు చూసుకుంట కూసుంటడు" అంది. నాకు తెలిసిన చిన్నాయన నోరు మూతపడని మనిషి. ఆయన మాట్లాడకుండా కూర్చున్నాడంటే ఆ ఇంట్లో చిన్నమ్మ ఎలా ఉంటుందో ఊహించుకోలేకపోయాను.

నాకు ఒక గుణం ఉంది, తెలియని వస్తువు ఎదురైతే దాని గుట్టు తెలిసేదాకా నిద్ర పట్టదు. బ్యాంకులో పని చేసినన్నాళ్లూ ఫైళ్లు తప్ప ఇంకేదీ విప్పి చూసే తీరిక లేకపోయింది. రిటైరయ్యాక మిక్సీ విప్పాను, కుట్టుమిషను విప్పాను, రెండోదాన్ని మళ్లీ బిగించగలిగాను కూడా. ఇప్పుడు కడ్డీ వంతు వచ్చింది. కొన్ని కడ్డీలు తిన్నగా ఎందుకుంటాయి, కొన్ని పాములా ఎందుకు వంగి ఉంటాయి, వెనక ఆ బరువు దేనికి, ఇదంతా చదువుతుంటే పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. తేలిందేమిటంటే, కడ్డీ అంటే కూరగాయల తక్కెడ లాంటిదే. వెనక బరువు సరిగ్గా ఉంటే ముందు సూది రికార్డు మీద ఉండీ లేనట్టు ఆనుతుంది. ఇంకొకటి, పళ్లెం మధ్యనుండే ఇరుసుకూ కడ్డీ నిలబడే చోటుకూ ఎంత దూరమో దానికి తగ్గ కడ్డీనే కొనాలి. దూరం తప్పితే సూది గాడిలో వంకరగా నడుస్తుంది.

అత్తాపూర్‌లో మా ఇంటికి దగ్గరలోనే పాత ప్లేయర్ల భాగాలు అమ్మే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. ఎక్స్‌ప్రెస్ వే కింద ఫలానా పిల్లరు దగ్గరికి రండి అని చెప్పాడు. మా దగ్గర దేవుడి గుడికైనా పిల్లరు నంబరే గుర్తు కాబట్టి సులువుగానే దొరికాడు, పిల్లరు ఎదురుగా ఒక మేడ మీద. కోస్తా మనిషి, ప్రతి మాటకూ అండీ. నేను చిన్నాయన ఇంటికి పోయి టేపుతో కొలిచి తెచ్చిన దూరం చూసి, "ఇది ఏ కడ్డీకీ సరిపోదండీ. మీరు ఇరుసు నుంచి కొలిచారా, పళ్లెం అంచు నుంచి కొలిచారా?" అని అడిగాడు. అంచు నుంచే కొలిచాను. ఇంత చదివి ఈ తప్పు చేశానని నా మీద నాకే నవ్వొచ్చింది.

ఈ సంగతి చెబితే చిన్నాయన ఫోన్‌లో చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వాడు. టేపుతో పని లేకుండా ఇంట్లో పడి ఉన్న పెండ్లికార్డుల్లో మందంగా ఉన్నదాన్ని ఎంచి, ఇరుసు దూరేలా ఒక చిల్లు, పాత కడ్డీ నిలబడే చోట ఇంకో చిల్లు చిన్నమ్మ చేత పొడిపించాడు. మరుసటి రోజు ఆ కార్డు పట్టుకుని, సన్నాయి రికార్డును చంకలో పెట్టుకుని, నాతోపాటు పిల్లరు దగ్గరికి వచ్చాడు. అమ్మేటాయన ఆ కార్డును తన కొలతల పలక మీద పెట్టి చూసి, బాగుందండీ అని మెచ్చుకున్నాడు. కార్డు మీద వధూవరుల పేర్లు పైకి కనిపిస్తుంటే చిన్నాయన ఆ పెండ్లిలో వంట ఎలా చెడిందో కూడా ఆయనకు చెప్పాడు.

అమ్మేటాయన టేబులు మీద తువ్వాల పరిచి మూడు కడ్డీలు పెట్టాడు. ఒకటి తిన్నగా, సన్నగా, పట్టుకుంటే విరుగుతుందేమో అన్నట్టుంది. రెండోది వంగిన కడ్డీ, మెరుస్తూ, అచ్చం పాతదాని తోబుట్టువులా ఉంది. మూడోది నల్లగా, పొట్టిగా, పక్కన ఒక చిన్న మీటతో, చూడ్డానికి ఏ కళా లేకుండా ఉంది. సూది మీద అదనంగా బరువేమైనా పెట్టేవారా అని ఆయన అడిగితే, "పావలా బిళ్ల అతికించేటోన్ని. పందిట్ల పోరగాండ్లు ఎగిరితే సూది దుంకుతది గద" అని చిన్నాయన గర్వంగా చెప్పాడు. మా ప్రాంతంలో మైకు సెట్ల వాళ్లంతా అదే చేసేవారు. ఆయన భూతద్దంతో రికార్డు చూసి, అందుకే గాడులు బాగా అరిగాయండీ అన్నాడు. "అరిగితే అరిగింది. పెండ్లి ఆగలేదు గద" అన్నాడు చిన్నాయన.

చిన్నాయన చూపంతా వంగిన కడ్డీ మీదే. ఆయన ముచ్చట చూసి, అమ్మేటాయన దాన్ని తన ప్లేయరుకు బిగించి, పాత రికార్డు ఒకటి తిప్పి, మీరే పెట్టి చూడండి అన్నాడు. చిన్నాయన చొక్కా చేతులు మడిచి ముందుకు వంగాడు. వేళ్లు కడ్డీ కొసను పట్టుకున్నాయి. అప్పుడు చూశాను ఆ అదురు, కడ్డీ మీదుగా సూది దాకా పాకుతూ. గర్రుమని గీసుకుపోయింది. "ఫ్యాన్ గాలి" అన్నాడు చిన్నాయన. నేను లేచి ఫ్యాను ఆపాను. మళ్లీ పెట్టాడు, మళ్లీ గర్రుమంది. అమ్మేటాయన, నీళ్లు తెస్తానండీ అంటూ లోపలికి పోయాడు, మేం అడగనే లేదు. ఆయన తిరిగి వచ్చేసరికి చిన్నాయన చెయ్యి జేబులో పెట్టుకుని ఉన్నాడు.

ఆ మనిషి ఏమీ ఎరగనట్టే మూడోదాన్ని బిగించి, మీటను పైకెత్తి, కిందికి వదిలాడు. మీట టక్కున పడింది గాని కడ్డీ మాత్రం తీరిగ్గా దిగింది. "లోపల చిక్కటి నూనె ఉంటుందండీ. మనం ఎలా వదిలినా అది తన వేగంతోనే దిగుతుంది" అన్నాడు. "గిది పిల్లల కోసం చేసిందా?" అన్నాడు చిన్నాయన. "కాదండీ, రికార్డంటే ప్రాణం పెట్టేవాళ్ల కోసం." ఇంటికి పోదాం పా బిడ్డా అని చిన్నాయన లేచి బయటికి నడిచాడు.

కార్లో కూర్చున్నాక ఆయన జేబులోంచి చెయ్యి తీసి ఒడిలో పెట్టుకుని, "మాట ఇంటలేదు బిడ్డా. ఎవ్వరికి చెప్పిన మాట గాదు. మీ చిన్నమ్మకు అసలే చెప్పకు, పరేషాన్ అయితది" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. "నాకు చెప్పిందే చిన్నమ్మ" అన్నాను. ఆయన నన్ను కాసేపు తేరిపార చూశాడు. "పిల్లి సంగతి గూడ తెలుసా?" అన్నాడు. తెలుసన్నాను. దవాఖాన మాట ఎత్తితే చూద్దాంలే అన్నాడు, ఈసారి కాదనలేదు. నేను తాళంచెవి తిప్పబోతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "అగో, ఆ నూనె ఎండిపోతే ఎట్ల? మల్ల పోసుకోవచ్చునా? అడుగుదాం పా" అన్నాడు. కుతూహలంలో నేను ఎవరి పోలికో నాకు ఆ పూట తెలిసింది. మేం మళ్లీ మెట్లెక్కి పోయాం. పోసుకోవచ్చునట. మీట ఏ లోహమో, నూనె ఏ రంగో, చలికాలం ఇంకా నెమ్మదిగా దిగుతుందా అని ఆయన అడుగుతూనే ఉన్నాడు, అమ్మేటాయన ఓపిగ్గా చెబుతూనే ఉన్నాడు. అడగడం పూర్తయ్యేసరికి నల్ల కడ్డీ మాదైపోయింది.

పెండ్లికార్డు కొలత ఎక్కడా తప్పలేదు. మర్నాడు సాయంత్రం డ్రైవర్లు లేచి డ్యూటీలకు పోయాక కడ్డీ బిగించి, సన్నాయి రికార్డు పెట్టాం. చిన్నమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి గడపలో నిలబడింది. చిన్నాయన కడ్డీని అంచు దాకా జరిపి, మీట మీద వేలు పెట్టాడు. వేలు అదురుతోంది, మీట కూడా దాంతోపాటు టకటకమంటోంది. వేలు తీసేశాడు. కడ్డీ నిలకడగా, ఎవరికోసమూ తొందరపడకుండా దిగి గాడిలో కూర్చుంది. ముందు చిటపటలు, ఆ వెనకే సన్నాయి. చిన్నాయన ప్లేయరు వంక చూడలేదు, తన చెయ్యి వంకే చూసుకుంటున్నాడు. "నా చెయ్యి అదిరింది. కడ్డీ అదరలే" అన్నాడు చిన్నమ్మతో, దాచకుండా, మొదటిసారి. ఆమె గడప దాటి వచ్చి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఏదీ, మల్లొక్కపారి దించు, నేను సక్కగ చూడలే" అంది. ఆయన ఎత్తాడు, దించాడు. ఆమె మళ్లీ అడిగింది. ఆ సాయంత్రం మాకు సన్నాయి మొదలే తప్ప మిగతాది వినిపించనే లేదు. కాలం ఆయన చేతి నుంచి తీసుకున్నదాన్ని తిరిగి ఇవ్వలేదు, ఇక ఇవ్వదు కూడా. కానీ ఆ కడ్డీ దిగుతున్నంతసేపూ మా ముగ్గురిలో ఎవరికీ దాన్ని తిరిగి అడగాలని గుర్తు రాలేదు.