ఉత్త చేతులతో పోసిన నీళ్లు

పసిపిల్లలకు నీళ్లు పోసే అవ్వ పోయింది. రెంజల్‌లో, కూతురింట్లో, మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చిన మనిషి మళ్లీ లేవలేదట. కబురు మా కోడలి ఫోన్‌కు వచ్చింది. నేను అప్పుడు వాకిట్లో నిలబడి ఉప్పునీళ్లు పుక్కిలిస్తున్నాను. ముందు రోజు నుంచి గొంతులో గరగర, ముక్కులో తడి. కోడలు గడప మీద నిలబడి, "మామా, అవ్వ..." అని ఆగిపోయింది. మిగతాది నేను అడగలేదు. ఈ వయసులో సగం మాట చాలు.

సాయంత్రానికి వీధిలో అందరికీ తెలిసింది. ఎదురింటి పెద్దమనిషి మా గేటు దగ్గరికి వచ్చి, "పుణ్యాత్మురాలు. మన గల్లీ పిల్లలందరూ ఆమె చేతుల మీదనే పెరిగిండ్రు," అన్నాడు. తల కూడా కొంచెం పక్కకు వంచాడు. చనిపోయినవాళ్ల గురించి మాట్లాడేటప్పుడు తల ఎంత వంచాలో ఆయనకు బాగా తెలుసు. నాకు జ్ఞాపకశక్తి ఇంకా పోలేదు. ముసలితనం మిగతావన్నీ పట్టుకుపోయి ఆ ఒక్కదాన్ని వదిలేసింది. అందుకే ఇది రాస్తున్నాను. చదివి ఎవరికైనా కోపం వస్తే రానివ్వండి.

ఆమె పని చూడనివాళ్లకు చెప్పాలి. పొద్దున్నే బాలింత ఇంటికి వచ్చి, పీట మీద కూర్చుని, రెండు కాళ్లూ జోడించి చాపేది. పిల్లను ఆ కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టి నూనె రాసి, పిండితో నలిచి, ఉడుకు నీళ్లు పోసేది. నీళ్లు ఎప్పుడూ నేరుగా పిల్ల మీద పడేవి కావు. ముందు ఆమె అరచేతి మీద పడి, అక్కడి నుంచి జారి పిల్లను తాకేవి. ఊదు పొగలో జుట్టు ఆరబెట్టి, పాత చీర గుడ్డలో చుట్టి తల్లికి ఇచ్చాక, చివరి చెంబు నీళ్లు పిల్ల చుట్టూ తిప్పి గేటు బయట పారబోసేది. ఆ నీళ్లు తోవ దాకా పారాలి. పారితేనే ఆమెకు తృప్తి.

మొదట ఆమెను చూసింది బోధన్‌లో. చక్కెర ఫ్యాక్టరీ నడుస్తున్న రోజులు. నేను ఆఫీసులో, ఆమె పెనిమిటి చెరకు బండ్ల దగ్గర. మా అబ్బాయి పుట్టినప్పుడు మా ఆవిడ ఆమెను పిలిపించింది. సీజన్‌లో బోధన్ గాలికి ఒక తీపి ఉండేది. కాగుతున్న చెరకు రసం వాసన దుప్పట్లలోకి, అన్నంలోకి, నిద్రలోకి కూడా వచ్చేది. చిమ్నీ నుంచి నల్లటి నుసి మెల్లగా, తొందరేమీ లేనట్టు రాలేది. అవ్వ పిల్లవాడి మీదికి గొడుగులా వంగేది. నుసి ఆమె వీపు మీద పడేది. సరిగ్గా ఆ వేళకే ఫ్యాక్టరీ సైరన్ కూసేది. పిల్లవాడు ఉలిక్కిపడితే, "అగో, మీ మేనమామ ఒర్లుతుండు. పలుకు బిడ్డా," అనేది. మా ఆవిడ నవ్వేది. ఆ ఆవిరిలో, ఆ తీపి గాలిలో, ఇద్దరు ఆడవాళ్లు నవ్వుతున్న ఆ పొద్దు నాకు ఇప్పటికీ కలలో వస్తుంది. కలలో నుసి కూడా తెల్లగా ఉంటుంది.

ఫ్యాక్టరీ మూతపడింది. మేము నిజామాబాద్ చేరాం. మా ఆవిడ పోయింది. అవ్వ పెనిమిటీ పోయాడు. ఆమె కూడా పట్నం వచ్చి, మా వెనక గల్లీలో ఒక అర్ర కిరాయికి తీసుకుంది. మధ్యాహ్నాలు బీడీలు చుట్టేది. పొద్దున పిల్లలకు నీళ్లు పోసేది.

లాక్‌డౌన్ పెట్టిన ఆ మహమ్మారి వేసవిలో మా ఇంట్లో మనవరాలు పుట్టింది. కోడలికి కడుపు కోసి తీశారు. కుట్లు ఆరలేదు, కింద కూర్చోలేదు. వాళ్లమ్మ సరిహద్దు అవతల మహారాష్ట్ర వైపు ఊళ్లో చిక్కుకుపోయింది. మా అబ్బాయికి కరెంటు ఆఫీసులో రోజూ డ్యూటీ. బయట తిరిగే మనిషిని అని తనే ముందు గదిలో వేరుగా పడుకునేవాడు. ఇక ఇంట్లో మిగిలిన పెద్దదిక్కు నేను, అంటే పెద్దగా ఏ దిక్కూ లేనట్టే. ఉన్నది అవ్వ ఒక్కతే.

ఒక పొద్దున ఆమె వచ్చి గేటు దగ్గర ఆగింది. గొళ్లెం మీద చెయ్యి వేసింది. తీయలేదు.

"సారూ, రాత్రి నుంచి ముక్కు కారుతున్నది," అంది. "జ్వరం లేదు. ఒళ్లు మంచిగనే ఉన్నది. ఏం సెయ్యాల్నో సమజైతలేదు."

వరండాలో మంచం మీద కూర్చున్న కోడలు గొంతు పెంచింది. "జ్వరం లేదు కదా అవ్వా! మూతికి బట్ట కట్టుకొని పొయ్యి. నీళ్లు కాగినయి. నాకు వొంగొస్తలేదు. ఒక్క పూట, నీ కాళ్లు మొక్కుత."

"నేను గూడ తొవ్వ పొంటి గదే అనుకుంట వచ్చిన బిడ్డా. ఉత్త సర్దే గదా అన్న. ఊదు పొగ పడలేదు కావచ్చు అన్న. దగ్గు లేదు గదా అన్న." అవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "గిన్ని మాటలు నాకు నేనే సెప్పుకుంటున్ననంటే, నాకే నమ్మకం లేనట్టు గాదా?"

ఆమె వెనక్కి తిరిగి ఎదురింటి వైపు చూసింది. ఆ ఇంట్లోనూ అప్పుడు పసివాడున్నాడు. వెనక గల్లీలో ఇంకో ఇల్లు. ఈ పనిలో ఒక రివాజు ఉంది. ఒకసారి వేరే చెయ్యి పడిందా, ఆ ఇల్లు ఇక ఆ చేతిదే. పాత మనిషిని మళ్లీ పిలవరు. ఒక్క పొద్దు రాకపోతే పోయేవి ఆమె ఇళ్లు. ఆ ఇళ్లే ఆమె తిండి. అదంతా ఆమె ముఖంలో కనిపిస్తూనే ఉంది. అయినా గొళ్లెం మీది నుంచి చెయ్యి తీసింది. తీసి, కొంగుతో గొళ్లెం తుడిచింది. తుడిచాక కొంగు వైపు చూసుకుని, "థూ, ముక్కు తుడుసుకున్న కొంగే గిది! సారూ, గా గొళ్లెం మీద జర ఉడుకు నీళ్లు పొయ్యి," అంది. కోడలు ఏడుస్తున్నదల్లా నవ్వింది.

నేను చాలా పుస్తకాలే చదివాను. మహమ్మారుల మీద రాసినవీ చదివాను. అన్నింట్లోనూ రాజులు, సైన్యాలు, మూసిన కోట తలుపులు. గొళ్లెం మీద చెయ్యి వేసి, తీసేసిన మనిషి ఒక్క పుస్తకంలోనూ కనిపించలేదు.

ఎదురింటి పెద్దమనిషి తన గేటులోంచి అంతా విన్నాడు. "సర్దికే పని బంద్ పెడితే ఎట్ల? మేం డ్యూటీలు చేసినప్పుడు జ్వరంతోని గూడ పోయినం. ఇయ్యాల రాకుంటే ఇగ రాకు," అన్నాడు.

"మంచిది దొరా," అంది అవ్వ. "పిలగాని సెవ్వులు మాత్రం భద్రం."

తర్వాత జరిగింది ఇప్పుడు తలుచుకుంటే నిజంగా జరిగిందా అనిపిస్తుంది. ఆ రోజుల్లో ఊరంతా నిశ్శబ్దం. బస్సుల్లేవు, హారన్లు లేవు, పావురాల రెక్కల చప్పుడు కూడా వినిపించేది. ఎండ ఏటవాలుగా వాకిట్లోకి జారుతోంది. అవ్వ తోవ దాటి, అవతల మురికినీళ్లు పారే మోరీ మీది బండ రాయి మీద కూర్చుంది. కాళ్లు జోడించి చాపింది. భుజం మీది తువాలు తీసి ఉండగా చుట్టి కాళ్ల మీద పడుకోబెట్టింది.

"సారూ, పీట గేటు కాడికి దెచ్చుకో. నన్ను సూడు. నేనెట్ల జేస్తే నువ్వట్ల జెయ్యి."

నేను పంచె ఎగ్గట్టి కూర్చున్నాను. కోడలు మెల్లగా నడిచి వచ్చి పిల్లను నా కాళ్ల మీద పెట్టింది. నూనె రాసిన పసిపిల్ల చేపలా జారుతుంది.

"కాళ్లు జోడియ్యి సారూ! గంత సందిడిస్తే పిల్ల కింద వడ్తది. గట్లనే. గదువ కింద సెయ్యి వెట్టు. ఆఫీసుల కాయితాలు వట్టినట్టు రెండేళ్లతోని పట్టకు, మొత్తం అరసెయ్యి వెట్టు!"

ఆమె ఉత్త చేతిని గాలిలో ముంచి తీసింది. లేని చెంబుతో లేని నీళ్లు అరచేతి మీద పోసుకుని తువాలు మీదికి జార్చింది. నేను అదే చేశాను. ఆమె తువాలును బోర్లించింది. నేను పిల్లను బోర్లించాను. ఆమె తువాలు వీపు నిమిరింది. నా గేటు ముందు ఆవిరి లేస్తుంటే, ఆవిరికి అవతల, ఎండలో, ఆమె వట్టి గాలితో ఒక బిడ్డకు స్నానం చేయిస్తోంది. ఒక్క క్షణం ఆ తువాలులో నిజంగానే ఎవరో ఉన్నారనిపించింది.

"సెవ్వులల్ల నీళ్లు వోనియ్యకు," అంది అవతలి నుంచి. "ఏడ్వనీ. ఏడిస్తేనే నీళ్లు ఒంటికి వట్టినట్టు."

చివరి చెంబు తిప్పి గేటు బయట పోశాను. నీళ్లు తోవ మీదికి పారాయి. సగం దూరం వచ్చి ఆగిపోతే, "ఇంకింత పొయ్యి సారూ, నాదాక రాలే," అంది. మళ్లీ పోశాను. ఆమె కాళ్ల దాకా పోయాయి. ఆమె వంగి వాటిని వేలితో తాకి చూసింది. వెచ్చగా ఉన్నాయో లేవో చూసుకుందనుకుంటాను.

ఆ సర్ది పోయేదాకా, పోయాక కూడా కొన్నాళ్లు, ఆమె రోజూ ఆ బండ మీద కూర్చుంది. పక్కింటి పిల్లలు గోడల మీది నుంచి చూసేవాళ్లు. మధ్యలో ఒకనాడు మా తమ్ముడు మనవరాలిని చూడటానికి వచ్చాడు. బండి దిగుతూనే రుమాలుతో ముక్కు తుడుచుకుని, "తే అన్నా, ఎత్తుకుంట," అని చేతులు చాపాడు.

మోరీ బండ మీది నుంచి అవ్వ గొంతు లేచింది. "ఓ పటేలా, ముక్కు తుడుసుకున్న సేతులేనా గవి?"

"ఇది దుమ్ము అవ్వా. ఎండల వడి వచ్చిన."

"నేను గూడ ఎండలనే కూసున్న. దుమ్ముకు నీ ముక్కొక్కటే దొరికిందా?"

"నీకు సర్ది అయితే ఇంట్ల పండాలె, ఇక్కడ కూసొని కావలి కాసుడేంది?" అన్నాడు తమ్ముడు.

"ఇంట్ల పండితే నిన్ను ఆపెటోళ్లెవరు?" అంది అవ్వ.

తమ్ముడు పిల్లను చూడకుండానే బండి తిప్పాడు. బీడీలు చుట్టే ముసలిదానితో తనను అనిపించానని ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడడు. మాట్లాడకపోవడంలో నాకు పెద్ద నష్టమేమీ కనిపించలేదు.

ఎదురింట్లో వేరే మనిషి వచ్చి నీళ్లు పోసింది. తర్వాత ఆ ఇంట్లో అందరికీ జ్వరాలు వచ్చాయి. అందరూ కోలుకున్నారు, పిల్లవాడు కూడా. అది వాళ్లింటికి ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. కొత్త మనిషి తెచ్చిందని కూడా అనను. కానీ ఆ పెద్దమనిషి వీధిలో చెప్పిన మాట మాత్రం నాకు తెలుసు. "ఆ ముసల్ది మోరీ మీద కూసొని గల్లీకంతా అంటించింది," అన్నాడు. గడప తొక్కకుండా ఉండిపోయిన మనిషి మీద ఆ మాట పడింది. వెనక గల్లీ ఇల్లు కూడా ఆ మాటతోనే పోయింది. నిన్న తల పక్కకు వంచి పుణ్యాత్మురాలన్నది ఆ నోరే.

ఆమెకు వచ్చింది ఆ రోగమో, ఉత్త సర్దో, ఎవరికీ తెలియదు. ఆమెకూ తెలియదు. ఒకసారి నేనే అడిగాను, "ఉత్త సర్దే అయితే ఇళ్లు ఊరికే పోగొట్టుకున్నట్టు కదా?" అని. అవ్వ బీడీ ఆకు కత్తిరిస్తూ, "పెద్దోళ్ల కాడ అందాజ నడుస్తది సారూ. పసిపాణం కాడ అందాజ సెయ్యరాదు," అంది. కళ్లు ఆకు మీదే ఉన్నాయి. దాన్ని పెద్ద మాటగా కూడా అనుకోలేదు.

నయమయ్యాక ఆమె మా గేటు తీసుకుని లోపలికి వచ్చిన పొద్దు పిల్లను కాళ్ల మీద వేసుకుంది. పిల్ల కేర్ మంది. నా గొంతు వినపడగానే ఊరుకుంది. అవ్వ పిల్ల ముక్కు పట్టి సాగదీస్తూ, "ఓసి నీ... సారు సేతికి మరిగినవా? ఇగ గీ ఇల్లు నీదే సారూ. నా సెయ్యి పాతవడ్డది," అని నవ్వింది. నవ్వి, కొంగు కళ్ల దాకా తీసుకుపోయింది. ముక్కు మాత్రం తుడుచుకోలేదు.

పిలిచే ఇళ్లు లేక, బీడీల ఆకు కూడా తగ్గాక, ఆమె రెంజల్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది.

ఈ పొద్దున అబ్బాయి బండి మీద రెంజల్ వెళ్లాను, ముక్కుకు, మూతికి గుడ్డ కట్టుకుని. ఆ ఇంటి వాకిట్లో అవ్వ మనవరాలు బాలింత, ఒళ్లో గుడ్డలో చుట్టిన పిల్ల. నేను లోపలికి పోలేదు. తోవకు ఇవతల, మోరీ పక్కన నిలబడ్డాను.

ఎవరో ఒకాయన, "లోపటికి రాండ్రి సారూ, ముఖం సూడరా?" అన్నాడు.

"సర్ది అయింది," అన్నాను.

"సర్దికేం సారూ! గింత దానికి బయటనే ఉంటరా?" అని, పక్కనున్న వాళ్లతో కొంచెం మెల్లగా, "పట్నపోళ్లు," అన్నాడు.

నేను మూతి మీది గుడ్డ ముడి ఇంకొంచెం బిగించాను. వాకిట్లో అవ్వ చుట్టూ నాలుగు చీరలు తెరలుగా పట్టుకున్నారు. పసుపు కలిపిన ఉడుకు నీళ్లు తెచ్చారు. తెరల మీది నుంచి ఆవిరి లేచింది, ఎండలో మెల్లగా విడిపోయింది. ఎక్కడి నుంచో, ఎన్నో ఏళ్ల అవతలి నుంచి, కాగుతున్న చెరకు రసం వాసన వచ్చినట్టయింది. ముక్కు దిబ్బడేసిన మనిషికి వాసన ఎట్లా వస్తుందో నన్ను అడగకండి. చెంబు చప్పుడు విని, నాకు తెలియకుండానే తోవ ఇవతలి నుంచి గట్టిగా అన్నాను:

"సెవ్వులల్ల నీళ్లు వోనియ్యకుండ్రి!"

తెరలు పట్టుకున్న ఆడవాళ్లు తిరిగి చూశారు. కాసేపటికి చీరల కింది నుంచి పసుపు నీళ్లు బయటికి వచ్చాయి. వాకిలి దాటి, తోవ మీదికి, మెల్లగా పారాయి. నిలబడ్డవాళ్లంతా కాళ్లు వెనక్కి తీసుకుని పక్కకు జరిగారు. నీళ్లు సగం తోవలో ఆగినట్టే ఆగి, ఇంకో చెంబు పడ్డాక మళ్లీ కదిలాయి.

నేను చెప్పులు విడిచాను. నా కాళ్ల దాకా వచ్చాయి. ఇంకా వెచ్చగానే ఉన్నాయి.