ఆకాశానికి నేను వేసిన నీలం

మా పక్కింటి డ్రాయింగ్ సారు పోయారని పోయిన నెల ఒక పొద్దున ఆయన బిడ్డ ఫోన్ చేసింది. అప్పుడు నేను చంపాపేటలో టీ కొట్టు అతన్ని, వేడినీళ్లకు రంగేసి అమ్ముతున్నావని ఏడిపిస్తున్నాను. గ్లాసు అక్కడే పెట్టి వచ్చేశాను.

సారుది గోదావరి వైపు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బడిలో బొమ్మలు నేర్పేవారు. నేను ఐదో తరగతి దాటనివాణ్ణి, ఇళ్లకు రంగులేసేవాణ్ణి. "సారూ, నువ్వు నెలకో జానెడు పూస్తవు, నేను దినానికి నాలుగు గోడలు పూస్త. ఎవడు పెద్ద పెయింటరు?" అనేవాణ్ణి. ఆయన నవ్వి బ్రష్షు చొక్కాకే తుడుచుకునేవారు. ఆ చొక్కా చూసి సారు భార్య, అమ్మగారు, ఇద్దరినీ తిట్టేది.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో బడులు బందయ్యాయి. సాయంత్రాలు నల్గొండలోని మా ఊరి సంగతులు అడిగేవారు. బావి ఎండిపోయి, ఎడ్లు అమ్మి, పట్నం వచ్చిన కథ నేను నవ్వించేలా చెప్పేవాణ్ణి. కొన్నవాడి వెంట పోనని ఎద్దు మొండికేస్తే దాని కాళ్లు మొక్కానని కూడా. వినీ వినీ ఒక ప్లైవుడ్ చెక్క మీద మా ఊరు వేశారు.

వచ్చే ఆదివారం ఎల్‌బీ నగర్‌లో కాలనీవాళ్లందరం వంటావార్పు చేద్దామనుకున్నాం, నిరసనగా నడిరోడ్డు మీదే వండుకుని తినడం. ఆంధ్రా మనిషిని, వస్తే ఏమంటారో అని సారుకు బెంగ. అయినా ఆ బొమ్మ పట్టుకుని వస్తానన్నారు.

ఈలోగా రెండు రోజులు ఊరెళ్తూ తాళంచెవి నాకిచ్చారు. లోపలికి పోయి చూస్తే బొమ్మలో ఆకాశం ఎర్రగా, బావి పసుప్పచ్చగా, ఎద్దు నీలంగా ఉన్నాయి. పాపం, సరైన రంగులు దొరకలేదేమో అనుకున్నాను. నా పనిలో మిగిలిన నీలం డబ్బా తెచ్చి ఆకాశానికి రెండు కోటింగులు కొట్టాను. గోడలా నున్నగా వచ్చింది. మురిసిపోయాను.

సారు వచ్చి చూసి, ఆ నీలం మీద వేలితో రాశారు.

"ఎడ్లు అమ్మిన రోజు ఆకాశం నీలంగానే ఉందా అన్నగారూ?"

నోటిదాకా వచ్చిన ఎగతాళి ఆగిపోయింది. "ఆ దినం నేను తలెత్తి చూడలే సారూ."

"మీరు నవ్వుతూనే చెప్పేవారు. నాకు మాత్రం ఎర్రగా వినబడేది."

గోడలకు లప్పం పెట్టే రేకు తెచ్చి, నీలాన్ని నేనే గీకాను. కింద నుంచి ఎరుపు చారలు చారలుగా లేచింది. ఒక మూల మిగిలుండగా సారు నా చెయ్యి పట్టుకున్నారు. "అది ఉంచండి. ఎప్పుడైనా తలెత్తితే కనబడాలిగా."

ఆదివారం పొయ్యిల పక్కన ఆ బొమ్మ పెట్టగానే జనం మూగారు. ఇదేం ఆకాశమని ఒకరు, వేసినాయనది ఏ జిల్లా అని ఇంకొకరు. సారు తల దించుకున్నారు. నేను బియ్యం బస్తా ఎక్కాను. ఎరుపు కడుపులో మంట అన్నాను. పసుపు, బావి అడుగున మిగిలిన బురద. చెబుతుంటేనే నాకూ తెలుస్తోంది, ఆపుకోలేకపోతున్నాను. "గా నీలం, రాని వాన. మా ఎద్దు కండ్లల్లనే ఉండె," అన్నాను.

సూర్యాపేట వైపు ముసలమ్మ ఒకామె అన్నం గరిట వదిలేసి వచ్చింది. నీలం ఎద్దు వీపును వేళ్లతో నిమిరింది. జిల్లా అడగలేదు. విస్తరాకు సారు చేతిలో పెట్టి, "కూసో కొడుకా, తిను," అంది.

మొన్న సారు దినాలయ్యాక అమ్మగారు ఆ చెక్క నాకిచ్చింది. మా గోడకు కొట్టుకున్నాను. సాయంత్రం కిటికీలోంచి ఎండ ముందు ఆ మూలనున్న అరచెయ్యంత నీలం మీద పడుతుంది. తర్వాత ఎర్రటి చారల మీదుగా మెల్లగా ఎద్దు వీపు మీదికి జరుగుతుంది.