ట్రాలీలో రెండో మంచం

ఇక చక్రాల ఇంట్లోనే స్థిరపడాలని నిశ్చయించుకుని, ఈ రోజు ఖమ్మంలో మంచాలు, పొయ్యి అమర్చిన ట్రాలీని చూశాను. దాన్ని లాగడానికి చిన్న కారు చాలన్నాడు, ట్రాలీని తయారుచేసిన మేస్త్రీ. అడవి దారి ఎత్తులకు నా డీజిల్ జీపే కావాలన్నాను.

"ముందుకు ఎవలైనా నడుపుతరమ్మా. ట్రాలీని ఎనక్కి పెట్టుడే కష్టం. డ్రైవర్ లేకుంటే నేనియ్య."

ట్రాలీ తగిలించి ఉన్న అతడి కారు తాళం అడిగి తీసుకుని, రెండు పత్తి లారీల మధ్యకు ట్రాలీని ఒక్కసారికే వెనక్కి పెట్టాను.

"గిది ఏ కాలేజీల నేర్పిన్రమ్మా?"

"కాలేజీలో బోటనీ నేర్పారు నాయనా. ఇది అశ్వారావుపేట మిల్లు దగ్గర, పామాయిల్ గెలల ట్రాక్టర్ మీద నేర్చుకున్నాను."

అతడు ట్రాలీని కారు నుంచి విప్పి, నా జీపుకు కొక్కెం బిగించాడు. డ్రైవర్ కోసం వేసిన రెండో మంచాన్ని తీయించి, అక్కడ పుస్తకాల అర పెట్టమన్నాను. అందులో మొదట ఏ పుస్తకం ఉంచాలో, ఇది చదువుతున్న మీరే చెప్పండి.